బ్యాటరీ మీద సంతకం

ఆ ల్యాప్‌టాప్‌కు చార్జి సరిగా ఎక్కకపోవడానికి మూలం గోడకు కొట్టిన ఒక మేకు. వానలు పట్టినప్పుడల్లా గదిలోకి చీలమండ లోతు నీళ్లు వస్తాయన్న భయంతో లామ్ తన చార్జరు దిమ్మను మంచం పక్కనున్న మేకుకు వేలాడదీసేవాడు. దిమ్మ బరువు తీగ మీద పడింది. తీగ తన మొనను కిందికి లాగింది. మొన గుచ్చుకునే రంధ్రంలోని సూది వదులైంది. వదులైన చోట నిప్పురవ్వ పుట్టక మానదు, నిప్పురవ్వ పుట్టిన చోట మసి పేరుకోక మానదు. మసి అడ్డుపడ్డాక లామ్ తీగను ఒక వాలుకు వంచి, అన్నం తినే వెదురు పుల్లను ఊతగా పెట్టి, రబ్బరు బ్యాండు చుట్టి కొంతకాలం నెట్టుకొచ్చాడు. చివరికి ఆ ఉపాయానికీ యంత్రం లొంగలేదు.

ఈ కథంతా బాగుచేసే ఖాంగ్, యంత్రం వెనక మూత విప్పకముందే, తీగను రెండు వేళ్లతో అటూ ఇటూ కదిపి చూసి చెప్పేశాడు. లామ్ మాత్రం ఒప్పుకోలేదు.

"మేకుకు తగిలిస్తే పాడవుతుందా? నా చొక్కా ముప్ఫై ఏళ్లుగా మేకుకే వేలాడుతోంది. దానికేమొచ్చింది?"

"చొక్కాలో కరెంటుండదు కదా పెదనాన్నా," అంది మియెన్.

"నేను తొడుక్కుంటే ఉంటుందమ్మాయ్. మీ పెద్దమ్మ బతికుంటే చెప్పేది."

తమ వంతుకోసం వరసలో కూర్చున్నవాళ్లు పకపకా నవ్వారు. లామ్ కూడా నవ్వి, తన కుర్చీని ఖాంగ్ బల్లకు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

హనోయ్‌లో పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయం గోడ వెంబడి సాగే ఆ వీధినిండా కంప్యూటర్లు బాగుచేసే దుకాణాలే. చేతులు బారచాస్తే రెండు గోడలూ తగిలేంత ఇరుకైన ఆ దుకాణంలో ఖాంగ్ లోపలి బల్ల దగ్గర టంకం పని చేస్తాడు. అతని భార్య మియెన్ గుమ్మం దగ్గర కూర్చుని యంత్రాలు తీసుకుంటుంది, అప్పగిస్తుంది. ఆ వీధిలో ఎవరూ తమ యంత్రాన్ని వదిలి ఊరికే వెళ్లిపోరు. ఎదురుగా కూర్చుని మూత విప్పించుకుంటారు. విప్పగానే సన్నమొన మార్కరుతో బ్యాటరీ మీద, మెమరీ పలక మీద, గాలి తిప్పే పంకా మీద తమ సంతకాలు పెడతారు. తిరిగి బిగించే ముందు ఆ సంతకాలను ఒక్కొక్కటిగా చూసుకున్నాకే మూత వేయనిస్తారు. అసలు సరుకు తీసేసి దాని చోట నకిలీ సరుకు పెట్టడాన్ని అక్కడివాళ్లు 'ఉడకబెట్టడం' అంటారు. ఫలానా దుకాణంలో ఉడకబెట్టారన్న మాట ఒక్కసారి బయటికి పొక్కితే ఆ దుకాణం షట్టరు లేచినా ఒకటే, లేవకపోయినా ఒకటే. ఖాంగ్ దంపతుల మీద ఇన్నేళ్లలో ఆ మాట పడలేదు. వాళ్లకున్న ఆస్తి అదొక్కటే.

ఆ ఆస్తికి కాపలా మియెన్. సంతకం పెట్టగానే ఆమె తన ఫోనులో దాని ఫొటో తీసి ఉంచుతుంది. ఎన్ని వేల సంతకాలు ఆమె కళ్ల ముందు పుట్టాయో! కొందరు పేరు పూర్తిగా రాస్తారు, కొందరు కోడి గీరినట్టు గీరి వదిలేస్తారు. లామ్ సంతకం అలాంటిది కాదు. హనోయ్ నుంచి హైఫాంగ్ వెళ్లే రైల్లో ఉద్యోగమంతా టిక్కెట్లు తనిఖీ చేసినవాడు కనుక, కుదుపుల మధ్య కూడా తొణకని చెయ్యి ఆయనది. మొదటి అక్షరం పట్టాలా నిటారుగా దిగి, కుడికి మలుపు తిరిగి, చివర ఒక గట్టి ముడితో ఆగింది.

"చూశావా? ఈ ముడి ఎవడూ వేయలేడు," అన్నాడు మార్కరు మూత బిగిస్తూ. "బ్యాటరీ మా అమ్మాయి తన మొదటి జీతంతో కొన్నప్పటిది. అసలుది. దానికేమైనా అయ్యిందో, మీ ఆయన్ని రైలెక్కించి టిక్కెట్టు లేదని దింపేస్తాను."

"మధ్యలో దింపకండి పెదనాన్నా, చివరి స్టేషన్‌లో దింపండి. నాకూ కాస్త విశ్రాంతి."

ఖాంగ్ తల ఎత్తకుండానే, "విన్నారా, ఇదీ నా సంసారం," అన్నాడు.

పాత రంధ్రం ఉన్న భాగాన్ని వేడిగాలితో ఊడదీయడానికి సమయం పడుతుందని తెలిసి లామ్ లేచాడు. దుకాణానికి ఎదురుగా కాలిబాట మీద లువా అవ్వ చల్లటి తేనీరు అమ్ముతుంది. పొగ తాగేవాళ్లకోసం ఒక వెదురు పొగగొట్టం కూడా ఉంచుతుంది. ఆ గొట్టంలో ఘాటు పొగాకు ఒక్క దమ్ము లాగితే కొత్తవాళ్లు కళ్లు తిరిగి గోడ పట్టుకుంటారు, పాతవాళ్లు కళ్లు మూసుకుని నిట్టూరుస్తారు. లామ్ పాతవాడే.

ఖాంగ్ మసిబారిన పాత భాగాన్ని తీసి చిన్న సంచిలో వేశాడు, మనిషికి చూపించి అప్పగించడం అక్కడి పద్ధతి. కొత్త భాగాన్ని కుదిర్చి టంకం పోశాడు. ఆరాక తీగ గుచ్చి వంచాడు, లాగాడు, వేలితో తట్టాడు. దీపం రెప్ప వేయకుండా వెలిగింది. మియెన్ గుమ్మంలోంచి కేకేసింది.

"పెదనాన్నా! రండి, చూసుకోండి."

ఆయన వచ్చాడు. గడప దగ్గర కాలు తట్టుకుంది. ఆ ఇరుకు గుమ్మంలో అందరికీ తట్టుకుంటుంది కనుక మియెన్ పట్టించుకోలేదు. ఖాంగ్ తెరిచిన యంత్రాన్ని ఆయన వైపు తిప్పాడు. లామ్ వంగి బ్యాటరీ వంక చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇదెవరి సంతకం?"

"మీదే, పెదనాన్నా."

"నాది కాదు."

హాస్యమాడుతున్నాడనుకుని మియెన్ నవ్వబోయింది. ఆయన ముఖంలో నవ్వు లేదు. దొంగ టిక్కెట్టు పట్టుకున్న మనిషి ముఖమది.

"నాది కాదంటున్నాను. ఇవి చీమలు. ఎవరో చీమల్ని పారబోశారు. నా రొట్టె ఏదీ? ఇది నా రొట్టె కాదు."

వరసలో కూర్చున్న ఒక అమ్మాయి కిసుక్కున నవ్వింది. ఒళ్లో తన సొంత ల్యాప్‌టాప్ సంచి పెట్టుకుని అప్పటిదాకా ఫోనులో ముఖం దూర్చి ఉన్న పిల్ల ఆమె. "తాతగారు భలే అన్నారు! ఉడకబెట్టారుగా మరి, రొట్టె ఆకారం మారిపోయింది," అంది. ఆ మాట గాల్లోకి లేవడమే ఆలస్యం, పక్క దుకాణాల గుమ్మాల్లోంచి తలలు బయటికొచ్చాయి. అమ్మాయి ఫోను పైకెత్తింది.

"చూడండి ఫ్రెండ్స్, లైవ్‌లో ఉన్నాను. ఒక పెద్దాయన బ్యాటరీ మార్చేశారంట..."

ఇన్నేళ్లూ ఎవరి దుకాణం మీదో పడిన మాట, ఎక్కడో విన్న మాట, ఇప్పుడు మియెన్ గడప దాటి లోపలికొచ్చి నిలబడింది. ఆమె ఫోను తీసి పొద్దుటి ఫొటో చూపించింది. నిటారు గీత, మలుపు, ముడి, అంతా బ్యాటరీ మీదున్నట్టే ఉంది.

"చూడండి పెదనాన్నా. మీరు పెట్టగానే తీశాను."

లామ్ ఆ వెలుగు కేసి చూసి, తల అడ్డంగా ఊపాడు. "ఆ ఫోనూ మీదే."

"అవును కదా," అన్నారెవరో గుంపులోంచి. "ఫోను వాళ్లదే. ఫొటో వాళ్లదే. దాన్ని సాక్ష్యమంటే ఎలా?"

ఖాంగ్ చేతిలో పట్టుకారుతో లేచి నిలబడ్డాడు. మాటలు తెలియని మనిషి అతను. "నా కళ్ల మీద ఒట్టు... నేను ముట్టుకున్నది ఆ రంధ్రం ఒక్కటే..." అని ఆగిపోయాడు. ఒట్టు వేసిన కొద్దీ అనుమానం పెరుగుతుందని ఆ వీధిలో ఎవరికి తెలియదు?

అప్పుడు మియెన్ చేసిన పని ఆ వీధిలో ఎవరైనా చేసేదే. మార్కరు ఆయన చేతికిచ్చి, "ఇదిగో, దాని పక్కనే మళ్లీ సంతకం పెట్టండి. అందరూ చూస్తారు. రెండూ పక్కపక్కన ఉంటే ఏది ఎవరిదో తేలిపోతుంది," అంది. తన నిర్దోషిత్వం రుజువు కావాలని ఒక చేత్తో ఫోను సిద్ధంగా పట్టుకుంది. ఆ ఫోను ఎత్తడంలో ఆమె ఉద్దేశం అంతకు మించి ఏమీ లేదు.

లామ్ మార్కరు పట్టుకున్నాడు. మొన బ్యాటరీ మీద ఆనింది. నిటారు గీత మొదలైంది, దిగింది, దిగుతూనే ఉంది. మలుపు రాలేదు. గీత బ్యాటరీ అంచు దాటింది, యంత్రం అంచు దాటింది, బల్ల మీదికి జారి, నీళ్లగ్లాసు చుట్టూ వంకరగా పోయి, ఎక్కడా ఆగకుండా సన్నబడి మాయమైంది. మార్కరు దొర్లి కిందపడింది. మియెన్ చేతిలోని ఫోను క్లిక్కుమంది.

"ఇదిగో," అన్నాడాయన, గెలిచినవాడిలా. "ఇదీ నాది."

గుంపులో తలలన్నీ ఆ గీత వెంట గ్లాసుదాకా తిరిగాయి. అమ్మాయి ఎత్తిన ఫోను కూడా ఒక్క క్షణం కిందికి దిగింది.

ఆ ఒక్క క్షణంలో మియెన్ మనసులో ముందుగా మెదిలినది 'బతికిపోయాం' అన్న మాట. ఆయన చెయ్యే ఆయన మాట వినడం లేదని అందరూ చూశారు, దోషం తమది కాదని తేలింది. ఆ ఊరట ఇంకా గొంతు దిగకముందే ఆమె కళ్లు ఆయన చొక్కా కాలరు మీద పడ్డాయి. అక్కడ తేనీటి తడి ఉంది. తడి మీదికి నోటి కుడిమూల నుంచి ఇంకో చుక్క జారుతోంది. ఆ మూల కిందికి జారిపోయి ఉంది. ఆయనకు తెలియడం లేదు. ఇందాక తనకు ఊరట కలిగించినది ఈ మనిషి చెయ్యి చచ్చుబడటమన్నమాట.

"అయ్యో, నా గొట్టం పొగ ఎక్కిందిరా దేవుడా!" అంటూ లువా అవ్వ జనాన్ని తోసుకుని వచ్చింది. "వద్దు లామ్, రెండో దమ్ము వద్దన్నాను. విన్నాడా? కూర్చోబెట్టండి, దిగిపోతుంది."

"పొగ కాదవ్వా. మూతి చూడు," అంది మియెన్.

అవ్వ చూసింది. చూసి రెండు చేతులూ చరిచింది. "గాలి తగిలింది! చెడుగాలి! పడుకోబెట్టండి. చొక్కా విప్పండి. అల్లం తెండి, నూనె తెండి, ఎవరి దగ్గరన్నా వెండి నాణెం ఉందా? వీపు గీకితే గాలి పోతుంది. పది వేళ్ల కొనలూ సూదితో గుచ్చితే చెడు రక్తం పోతుంది. పిల్లా, సూది!"

అప్పటికే ఒకతను లామ్ గుండీల మీద చెయ్యి వేశాడు. ఎవరికీ దురుద్దేశం లేదు. ఇందాక ఉడకబెట్టారని చూడ్డానికి వచ్చినవాళ్లే ఇప్పుడు అల్లంకోసం పరుగెత్తుతున్నారు. నమ్డిన్ ఊళ్లో మియెన్ పెద్దమేనమామకు కూడా ఇలాగే మూతి వంకర పోయింది. ఆయన్ని ప్రేమించని మనిషి ఆ ఇంట్లో లేరు. ఆ ప్రేమతోనే వీపంతా ఎర్రటి చారలు తేలేదాకా గీకారు, వేళ్లన్నీ గుచ్చారు. గాలి పోయేదాకా ఆగి ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడి డాక్టరు గడియారం చూసి తల వంచుకున్నాడు.

"వద్దు," అంది మియెన్. "ఎవరూ ముట్టుకోవద్దు. ఖాంగ్, బండి తియ్యి."

"అంబులెన్సు పిలుద్దామా?"

"ఈ వీధిలోకి అది ఎప్పుడొస్తుంది, ఎలా తిరుగుతుంది? కూడలి దాటితే పెద్దాసుపత్రి. బండి తియ్యి!"

"షట్టరు?"

"వదిలెయ్!"

జనం యంత్రాలన్నీ బల్ల మీద మూతలు విప్పి పడి ఉన్నాయి. ఖాంగ్ వాటి వంక ఒక్కసారి చూసి, బండి తాళం అందుకున్నాడు. మోటారుసైకిలు మీద అతను ముందు, లామ్ మధ్యలో, వెనక నుంచి ఆయన్ని రెండు చేతులా కావలించుకుని మియెన్. ఎక్కించేటప్పుడు లామ్ పెనుగులాడాడు. కుడిచెయ్యి వేలాడుతోంది కాని ఎడమ చేతిలో బలమంతా ఉంది. ఆ చేత్తో వెనక్కి తిరిగి మియెన్ చెంప మీద ఛెళ్లున కొట్టాడు. అంతసేపూ రొట్టెలని, చీమలని తడబడిన నోటి నుంచి ఈసారి ఒక్క మాట గంటలా స్పష్టంగా వచ్చింది.

"దొంగలు!"

అది విన్నాక ఊరుకోవడం ఆ ఫోను పట్టుకున్న అమ్మాయి వల్ల కాలేదు. "చూశారుగా ఫ్రెండ్స్! సరుకు ఉడకబెట్టింది చాలక మనిషిని కూడా ఎత్తుకుపోతున్నారు!" బండి కదిలి మలుపు తిరిగేదాకా ఆ అరుపు వెంటాడుతూనే ఉంది. లువా అవ్వ తన మాట వినలేదన్న అలకతో సణుగుతూనే, ముక్కాలిపీట తెచ్చి దుకాణం గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చుంది. "ఒక్క మర పోయినా గొట్టంతో నెత్తి పగలగొడతాను," అని జనాన్ని హెచ్చరించింది.

ఆసుపత్రిలో డాక్టరు వయసులో మియెన్ కంటె చిన్నది. లామ్ కనుపాపల్లో వెలుగు వేసి చూసింది, చేతులు ఎత్తమంది. ఒకటే లేచింది.

"చివరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడు? సుమారుగా కాదు, ఖచ్చితంగా కావాలి. మెదడులో రక్తపు గడ్డ కరిగించే మందు ఉంది. వేళ దాటాక ఇస్తే ఆ మందే ప్రాణం తీస్తుంది. తెలీకపోతే ఇవ్వలేను."

పొద్దున్న అంటే చాలదు. ఆయన నవ్వింది ఎప్పుడు, లేచి వెళ్లింది ఎప్పుడు? పనిలో ఉన్నవాళ్లు గడియారం చూస్తారా? అప్పుడు మియెన్‌కు తన చేతిలో ఇంకా బిగించి పట్టుకున్న ఫోను గుర్తొచ్చింది. మొదటి ఫొటో తెరిచి డాక్టరుకు చూపించింది, వెంటనే రెండోది.

"ఇది ఆయన చెయ్యే. ఇదీ ఆయన చెయ్యే."

డాక్టరు రెండింటినీ పక్కపక్కన పెట్టుకుంది. నిటారుగా దిగి ముడిపడిన సంతకం, దాని కింద ఫోను వేసిన సమయం. అంచు దాటి పోయిన గీత, దాని కింద సమయం. ఆమె ముఖం మారిపోయింది.

"ఈ రెండింటికీ మధ్యలోనే జరిగింది," అంది నెమ్మదిగా, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. తర్వాత నర్సు వైపు తిరిగి గబగబా ఏవో మందుల పేర్లు చెప్పింది. మంచాన్ని తోసుకెళ్తూ వెనక్కి చూసి అడిగింది. "మీరు ఆయనకేమవుతారు?"

"ల్యాప్‌టాప్ బాగుచేసేవాళ్లం."

డాక్టరు ఇంకేదో అడగబోయి, సమయం లేక వెళ్లిపోయింది.

లామ్ కూతురు యెన్ నెత్తిమీద హెల్మెట్ తీయకుండానే పరుగెత్తుకొచ్చింది. ఆసుపత్రి వాళ్ల ఫోను రాకముందే ఆమెకు ఎవరో వీడియో పంపించారు. వరండాలో మియెన్‌ను గుర్తుపట్టగానే ఆమె కాలరు పట్టుకుని గోడకు అదిమింది.

"మా నాన్నని ఏం చేశారే? ఎక్కడ దాచారు? ఒక బ్యాటరీ కోసం మనిషిని..."

ఖాంగ్ అడ్డం వచ్చి లోపలి తలుపు చూపించాడు. డాక్టరు బయటికొచ్చి చెప్పాల్సిందంతా చెప్పేదాకా యెన్ ఆ కాలరు వదలలేదు. వదిలాక అక్కడే నేల మీద కూలబడింది. తలెత్తి మియెన్ చెంప మీద తేలిన వేళ్ల గుర్తులు చూసింది.

"అదెవరు కొట్టారక్కా?"

"మీ నాన్నగారే."

యెన్ రెండు చేతులతో నోరు మూసుకుంది.

లామ్ బతికాడు. అయితే వీడియో కూడా బతికే ఉంది. అది బండి మలుపు తిరగడంతో ఆగిపోతుంది, ఆ బండి ఎక్కడికి పోయిందో చూసినవాళ్లకు తెలియదు. 'ఉడకబెట్టారు' అన్న మాట కింద దుకాణం బోర్డు స్పష్టంగా కనిపిస్తుంది. వరసలో కూర్చునే కుర్చీలు రోజురోజుకూ ఖాళీ అయ్యాయి. దారిన పోయేవాళ్లు వేలు పెట్టి చూపించుకునేవారు. పాత ఖాతాదారులు కూడా వచ్చి, మొహమాటంగా, తమ సంతకాలను ఒకటికి రెండుసార్లు చూసుకుని వెళ్లేవారు.

"ఆ రెండు ఫొటోలూ పెట్టెయ్. డాక్టరు మాట కూడా పెట్టెయ్," అన్నాడు ఖాంగ్.

"ఫోను మనదే అంటారు. డాక్టరుకి మనమే డబ్బిచ్చామంటారు."

"యెన్ చెప్తానంటోందిగా?"

"యెన్ ఆ పూట అక్కడ లేదు. సంతకం ఎవరిదో వాళ్లే చెప్పాలి ఖాంగ్. ఇది నాదే అని పెదనాన్న నోటితో ఒక్క మాట. అంతే చాలు."

ఆ ఒక్క మాటకోసం ఆమె ఎదురుచూసింది. ఆసుపత్రికి గంజి తీసుకెళ్లిన రోజుల్లో ఆయన మాటలు ఒక్కొక్కటిగా తిరిగి రావడం చూసి సంతోషించింది. ఆ సంతోషంలో తన స్వార్థమెంతో ఆమెకు తెలుసు. తెలిసినా సిగ్గుపడేంత తీరిక దుకాణం ఆమెకు ఇవ్వలేదు.

వాన వెలిసిన ఒక ఉదయం లామ్ వచ్చాడు. కుడిచెయ్యి జేబులో పెట్టుకుని, కూతురి భుజం మీద ఎడమచెయ్యి వేసుకుని నడిచాడు. యెన్ ఊరుకోకుండా ఆ ఫోను అమ్మాయిని కూడా వెతికి పట్టుకుని రప్పించింది. "తప్పు చూపించిన ఫోనే ఒప్పు కూడా చూపించాలి," అని ఆమె పట్టు. ఆ అమ్మాయి తల వంచుకునే ఫోను ఎత్తింది. పక్క దుకాణాలవాళ్లు గుమ్మం నిండా చేరారు. లువా అవ్వ గొట్టాన్ని వెనక దాచుకుని నిలబడింది.

ఖాంగ్ యంత్రాన్ని ముందు పెట్టి వెనక మూత తీశాడు. బ్యాటరీ మీద రెండు సంతకాలూ అలాగే ఉన్నాయి. లామ్ వంగాడు. మొదటి దాని మీద ఎడమ వేలు పెట్టి, ముడిదాకా మెల్లగా జరిపాడు.

"నాది... కాదు," అన్నాడు లామ్.

గుమ్మంలో నిలబడ్డవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మియెన్ బల్ల అంచు పట్టుకుంది.

"నాన్నా!" అంది యెన్. "ఇంటి దగ్గర చెప్పాను కదా! నువ్వే పెట్టావు. నీదే అని చెప్పు, అయిపోతుంది."

"చెప్పావు. నువ్వు... చెప్పావు. నాకు కనపడాలి కదా." ఆయన మాట మాటకూ ఆగుతూ, తప్పిపోయిన మాటను వెతికి తెచ్చుకుంటూ చెప్పాడు. "చీమలే. పేపర్లోనూ... చీమలే. టిక్కెట్టు మీద తేదీ... కనపడకపోతే, సరే అని... ముద్ర కొట్టేవాణ్ణా?"

యెన్ తల దించుకుని, మియెన్‌కు మాత్రమే వినపడేలా చెప్పింది. కళ్లు కనిపిస్తాయట, మనుషుల్ని గుర్తుపడతాడట. అక్షరం మాత్రం ఏదీ అక్షరంగా తెలియదట. ఇక తెలియకపోవచ్చునని డాక్టరు అన్నదట. "ఇక్కడికొచ్చి చూస్తే తనదైనా తెలుస్తుందనుకున్నానక్కా."

తను ఇన్నాళ్లూ ఎవరి మాట కోసం కాచుకుందో, ఆ నగరమంతటిలో ఆ మాట నిజాయితీగా అనలేని మనిషి ఆయనొక్కడేనని మియెన్‌కు అప్పుడు అర్థమైంది. కూతురి ముఖం చూసి అయినా అబద్ధమాడే రకం కాదు. ఆ నిజాయితీనే కదా ఆమె ఆశ పెట్టుకున్నది. ఆమెకు ఏడుపు రాలేదు, కోపం రాలేదు.

"అమ్మాయ్," అన్నాడు లామ్. "కలం."

ఆమె యాంత్రికంగా మార్కరు అందించింది. ఆయన దాన్ని ఎడమచేత్తో, పిడికిట్లో పట్టుకుని బ్యాటరీ మూల ఒక వంకర గీత గీశాడు, దాని పక్కన ఒక చుక్క పెట్టాడు.

"నేను... పెడుతుంటే చూశారుగా?"

"చూశాం," అన్నారు గుమ్మంలో ఇద్దరు ముగ్గురు.

"అయితే... మూత బిగించు."

ఖాంగ్ మరలు బిగించసాగాడు. ఫోను పట్టుకున్న అమ్మాయి, వీధి అలవాటు నాలుక మీద ఉండబట్టి కాబోలు, ఆపుకోలేక అడిగేసింది. "బిగించే ముందు మిగతావి చూసుకోరా తాతా?"

"చూసినా... తెలీదు తల్లీ. ఇందాక పెట్టిందీ... రేపటికి నాది కాదంటానేమో." ఎడమవైపు పెదవి ఒక్కటే నవ్వింది. "చూసుకోగలిగినవాడు... ఎక్కడైనా బాగుచేయించుకుంటాడు. చూసుకోలేనివాడికి... కొట్టినా చెయ్యి వదలని మనిషి కావాలి. అందుకే... ఇక్కడికే వచ్చాను."

మియెన్ ఆయన ముఖంలోకి చూసింది. చెంప మీద పడిన ఆ దెబ్బ ఆయనకు గుర్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ఖాంగ్ తీగ గుచ్చాడు. తెర వెలిగింది. మూలన చార్జి గుర్తు పక్కన చిన్న అంకె కనిపించింది. లామ్ దానికేసి ముఖం దగ్గరగా పెట్టి, కళ్లు చికిలించి, వెనక్కి తీసుకున్నాడు.

"ఎంత... ఎక్కింది?"

యెన్ చెప్పబోయింది. ఆయన చెయ్యి ఎత్తి ఆపి, మియెన్ వైపు తిరిగాడు. గుమ్మంలో జనం, ఎత్తిన ఫోను, ఎదురుగా ఆ కళ్లు. మియెన్ ఆ అంకెను ఒకసారి చూసింది. నోరు తెరవబోయి, మళ్లీ వంగి ఇంకోసారి చూసింది.

"నలభై ఆరు, పెదనాన్నా."

"ఆఁ," అన్నాడు లామ్.